దిబ్బలలోని బంగారము

కర్ణాటక రాష్ట్రమున, మన చిత్తూరు జిల్లా సరిహద్దునకు చేరువలో, కోలారు బంగారు గనుల పట్టణము కలదు. దాని చుట్టును బూడిదవన్నె గల పెద్ద పెద్ద దిబ్బలు నిలిచియున్నవి. అవి ప్రకృతి నిర్మించిన కొండలు కావు. గనులలోని రాతిని పైకి తెచ్చి, పిండిచేసి, బంగారము తీసికొన్న పిదప పారవైచిన ఇసుక. వానిని సైనైడు దిబ్బలందురు. వేసవిలో గాలి వీచినపుడు ఆ పొడి వీథులలోనికి, ఇండ్లలోనికి, మనుష్యుల ఊపిరితిత్తులలోనికి చేరును.

ఆ పేరు ఎట్లు వచ్చెను? బంగారము తుప్పు పట్టదు. సామాన్యమైన ఆమ్లము లేవియు దానిని కరగింపజాలవు. పూర్వము రాతిపిండిని పాదరసముతో కలిపి బంగారమును పట్టెడివారు. కంటికి కానరాని రేణువు లెన్నియో పాదరసమునకు చిక్కక నీటితో కొట్టుకొనిపోయెడివి. 1887వ సంవత్సరమున గ్లాస్గో నగరమందు మెకార్థరు అను రసాయన శాస్త్రజ్ఞుడును, ఫారెస్టు సోదరులను ఇద్దరు వైద్యులును ఒక నూతన పద్ధతిని కనుగొనిరి. సైనైడు అను విషమును మిక్కిలి పలుచగా నీటిలో కలిపి, గాలి తగులుచుండగా రాతిపిండిని అందులో నానవేసినచో బంగారము మెల్లమెల్లగా కరగును. ఆ నీటిని వడకట్టి జింకు పొడి వేసినచో అది మరల వేరుపడును. లోహములలో రాజని పేరొందిన దానిని లొంగదీయుటకు ఇంత పలుచని నీరు చాలుట వింతయే!

కోలారులో 1880 ప్రాంతమున ఆరంభమైన త్రవ్వకము 2001 ఫిబ్రవరిలో నిలిచిపోయెను. గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. సుమారు 800 టన్నుల పసిడి వెలికివచ్చెను. అయినను కొంత మిగులక తప్పలేదు. కొన్ని రేణువులు రాతి పలుకుల నడుమ బందీలై సైనైడు నీటికి అందలేదు. మరికొన్నిటిని తీయుటకగు వ్యయము ఆనాటి ధరకు గిట్టలేదు. నేటి ధర వేరు; నేటి యంత్రములు రాతిని ఇంకను మెత్తగా నూరగలవు.

దిబ్బలలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల ఇసుక గలదని అంచనా. టన్నుకు దొరకునది ఒక గ్రాము కన్న తక్కువే. ఒక ఉంగరమునకు చాలిన బంగారము కావలెనన్న ఒక లారీ ఇసుకను శుద్ధి చేయవలెను. గిట్టునా యని మీకు సందేహము కలుగవచ్చును. కాని పాతాళమునుండి రాతిని పెకలించుటయు, పైకి చేర్చుటయు, పిండిచేయుటయు ముందే జరిగినవి గదా! చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి వలసపోయిన కూలీలు ఎందరో ఆ కష్టమును భరించిరి.

ఇట్టి పని దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు పరిసరములలో ఎంతో కాలముగా జరుగుచున్నది. అచ్చట నీటిని తీవ్రమైన ధారగా చిమ్మి దిబ్బను బురదగా మార్చి, గొట్టములద్వారా కర్మాగారమునకు పంపుదురు. ఒక దిబ్బ నెత్తిన ఆరుబయలు సినిమాశాల యుండెడిది. దానిని సైతము విడువలేదు!

ఇందు ప్రమాదమును గలదు. రుమేనియా దేశమున బయా మారె అను ఊరిలో పాత వ్యర్థములనుండి బంగారము తీయు కర్మాగార మొకటి యుండెను. 2000 జనవరి 30వ తేదీ రాత్రి, వానలకు, కరగిన మంచునకు దాని చెరువుకట్ట తెగెను. సుమారు లక్ష ఘనమీటర్ల విషజలము తీసా నదిలోనికి, అటనుండి డాన్యూబు నదిలోనికి ప్రవహించెను. హంగరీ దేశమున చేపలు టన్నులకొలది చచ్చి తేలినవి. ఆ జలచరములకు బంగారముతో నేమి పని? కావుననే వాడిన నీటిలోని విషమును హైడ్రోజన్ పెరాక్సైడు వంటి రసాయనములతో విరిచిన పిదపనే విడువవలెను. చెరువునకు అడుగున నీరు ఇంకని పొరలు పరచవలెను.

కోలారులోని 13 దిబ్బలను త్రవ్వుటకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము అంగీకరించెను. అవి సుమారు వేయి ఎకరములలో వ్యాపించియున్నవి. బంగారము తీసిన పిదప ఇసుక తగ్గునా? పది టన్నులలో తగ్గునది కొన్ని గ్రాములే. తక్కినదంతయు ఎచ్చట నుంచవలెనన్నది అసలు ప్రశ్న. కొన్ని దేశములలో ఇట్టి ఇసుకను సిమెంటుతో కలిపి పాత గనుల బొరియలలోనే నింపుదురు. కోలారు బొరియలు మాత్రము, నీటిని తోడు యంత్రములు ఆగినది మొదలు, జలముతో నిండియున్నవి.