నెల్లూరులో ఎలక్ట్రిక్ కారుకు వింటర్ టైర్లు ఎందుకు? వాన టైర్లు చూసుకోండి

నెల్లూరు జిల్లాలో నవంబర్ అంటే చలికాలం కాదు, వానాకాలం. రాష్ట్రంలో చాలా జిల్లాలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసే నైరుతి వానల మీద బతుకుతాయి. ఇక్కడ లెక్క వేరు. ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడిపోతుంది. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు రోడ్ల మీద నీళ్లు నిలిచేదీ అప్పుడే.

ఈ మధ్య కొన్ని ఇళ్లలో కొత్త ప్రశ్న వినబడుతోంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి, ‘అబ్బా, ఇక్కడ నా టెస్లాకి వింటర్ టైర్లు వేయించా. మన కారుకి కూడా వేయిస్తే మంచిది కదా’ అంటాడు. ఇక్కడి తండ్రి టైర్ల షాపుకెళ్లి అదే అడుగుతాడు. షాపతను తల గోక్కుంటాడు, లేదంటే ‘ఇదే సార్ వింటర్ టైరు’ అని ఏదో ఒకటి అంటగడతాడు. రెండూ ఇబ్బందే.

కాబట్టి ముందు వింటర్ టైర్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు టైర్ రబ్బరు చలి పెరిగేకొద్దీ గట్టిపడి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల కంటే దిగిందంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. వింటర్ టైర్‌ను అంత చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరుతో చేస్తారు. దాని మీద బ్లేడుతో కోసినట్టు వందల సన్న గీతలుంటాయి, అవి మంచును పట్టుకుంటాయి. ఫిన్లాండ్‌లో 1934లోనే లారీల కోసం ఇలాంటి టైర్ తయారు చేశారు. ఇప్పటి నోకియన్ టైర్స్ కంపెనీ అక్కడి నుంచి వచ్చిందే. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు వేసుకోవడం చట్టం. టైర్ పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటేనే అది మంచు పరీక్షలో నెగ్గినట్టు. ‘ఎం ప్లస్ ఎస్’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి పరీక్షేమీ అక్కర్లేదు. అక్కడున్న పిల్లలకు చెప్పాల్సింది ఇంకొకటుంది. మార్చితే నాలుగూ మార్చాలి. రెండే మార్చితే కారు ముందు భాగం ఒక తీరుగా, వెనక భాగం ఇంకో తీరుగా పోతుంది.

మరి నెల్లూరులో? డిసెంబర్, జనవరి రాత్రుల్లో కూడా ఇక్కడ 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ వేడిలో వింటర్ టైర్ రబ్బరు మరీ మెత్తబడిపోతుంది. బ్రేక్ కొడితే మామూలు టైర్ కంటే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. వానలో తడిసిన వెచ్చటి రోడ్డు మీదైనా అంతే. ఇక మే నెల 42 డిగ్రీల ఎండలో అది పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. అంటే డబ్బూ దండగ, ప్రమాదమూ ఎక్కువ.

ఇక్కడి చలికాలానికి కావాల్సింది తడి రోడ్డును పట్టుకునే టైర్. ఎలక్ట్రిక్ సెడాన్ విషయంలో దీని మీద ఇంకొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

బరువు లెక్క

మామూలు పెట్రోల్ సెడాన్ 1100 నుంచి 1200 కిలోలు తూగుతుంది. 2024 మార్చిలో మన దేశంలో అమ్మకానికొచ్చిన బీవైడీ సీల్ లాంటి ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ సెడాన్ రెండు టన్నులు దాటుతుంది. బరువులో పెద్ద వాటా బ్యాటరీదే. దాంట్లో టాప్ మోడల్ 3.8 సెకన్లలో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కంపెనీ చెబుతుంది. ఆ బరువును ఆపాల్సిందీ, ఆ ఊపును రోడ్డు మీద పెట్టాల్సిందీ నాలుగు అరచేతులంత రబ్బరే. ఎలక్ట్రిక్ కార్ల టైర్లు మామూలు వాటికంటే సుమారు 20 శాతం త్వరగా అరుగుతాయని మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలే అంటున్నాయి.

ఒక ప్రయాణం తీసుకుందాం. ఉమ్రాకు వెళ్లే పెద్దవాళ్లను చెన్నై ఎయిర్‌పోర్టుకు దించిరావాలి. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు, ఎక్కువగా రాత్రిపూట, నవంబర్ వానలో. కారు 2100 కిలోలు. ఐదుగురు మనుషులు 350 కిలోలు. సామాను ఓ 100. మొత్తం 2550 కిలోలు. నాలుగు టైర్లకు సమానంగా పంచినా ఒక్కోదాని మీద 637 కిలోలు. తిరుగు ప్రయాణంలో జంజం డబ్బాలు, ఖర్జూరాలు దీనికి అదనం. నిజానికి బరువు సమానంగా పడదు కూడా. డిక్కీ నిండితే వెనక టైర్ల మీద, బ్రేక్ కొడితే ముందు టైర్ల మీద ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు టైర్ పక్కన చూడండి. ‘225/50 ఆర్18’ లాంటి సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె లోడ్ ఇండెక్స్. 91 అంటే ఒక్కో టైర్ 615 కిలోలు మోస్తుంది. 95 అంటే 690. 99 అంటే 775. మామూలు సెడాన్లకు ఎక్కువగా వచ్చే 91 టైర్ పై లెక్కలోనే ఫెయిలైపోయింది. 95 పాసైనట్టు కనిపిస్తుంది గానీ బ్రేక్ కొట్టినప్పుడు మిగులు ఉండదు. అందుకే డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద కంపెనీ ఏ అంకె రాసిందో అంతకు తగ్గకుండా తీసుకోవాలి. ‘ఎక్స్‌ఎల్’ అనే అక్షరాలు ఉంటే అది ఎక్కువ బరువుకు చేసిన టైర్. ‘సైజు సరిపోయింది కదా సార్, అంకెదేముంది’ అని షాపులో అంటే ఒప్పుకోవద్దు. అంకె పక్కనుండే అక్షరం వేగానిది. హెచ్ అంటే 210, వి అంటే 240 కిలోమీటర్లు. మన హైవే మీద ఆ వేగం ఎవరికీ అక్కర్లేదు గానీ కంపెనీ చెప్పినదానికంటే కింది అక్షరం తీసుకోకండి. రబ్బరు వేడిని తట్టుకునే శక్తి కూడా దాన్నిబట్టే ఉంటుంది.

నీళ్ల మీద తేలడం

వానలో కార్లు అదుపు తప్పడానికి పెద్ద కారణం ఒకటే. టైర్ ముందున్న నీటిని గాట్లలోంచి పక్కకు నెట్టే టైమ్ దొరకనప్పుడు టైర్ నీటి పొర మీదకెక్కి తేలుతుంది. స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ నొక్కినా కారు వినదు. దీన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. 1960ల్లో నాసా ఇంజినీర్లు విమానాల టైర్ల మీద ప్రయోగాలు చేసి దీనికో లెక్క కట్టారు. టైర్‌లో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో చూసి, దాని వర్గమూలాన్ని 16.65తో గుణిస్తే ఏ వేగం దగ్గర టైర్ తేలుతుందో సుమారుగా వస్తుంది. 36 పీఎస్‌ఐ ఉంటే వర్గమూలం 6, అంటే గంటకు 100 కిలోమీటర్లు. గాలి 25కి తగ్గిందనుకోండి, వర్గమూలం 5. అప్పుడు 83 కిలోమీటర్ల దగ్గరే తేలుతుంది. ఇది విమానాల టైర్ల లెక్క కాబట్టి కారుకు అచ్చంగా సరిపోదు. వెడల్పు ఎక్కువున్న టైర్, అరిగిన టైర్ ఇంకా ముందే తేలొచ్చు. అయినా గాలి తగ్గితే ఎంత నష్టమో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. ఎన్‌హెచ్-16 మీద 83 వేగాన్ని ఎవరూ స్పీడు అనుకోరు కదా.

పైగా గాలి తనంతట తనే తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోతే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మే నెల ఎండలో నింపి వదిలేస్తే, వేరే కారణమేదీ లేకపోయినా నవంబర్ నాటికి మూడు పీఎస్‌ఐ పోతుంది. కాబట్టి అక్టోబర్‌లో ఒకసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. నైట్రోజన్ నింపుతామని ఎక్కువ డబ్బులు అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది!

గాట్ల లోతు సంగతికొస్తే, కార్ల టైర్లకు మన రూల్స్ ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. గాట్ల మధ్య అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, టైర్ అరిగి వాటి ఎత్తుకు వచ్చిందంటే మార్చాల్సిందే. కానీ ఆ గీత నెల్లూరు వానలకు సరిపోదు. 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవడం మేలు. దానివల్ల ఎంత నష్టం? నాలుగు టైర్లకు రూ.60 వేలు పెట్టారనుకుందాం. కొత్త టైర్ లోతు 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం వాడుకోగలిగింది 6.4. మూడు దగ్గర మార్చేస్తే 1.4 వదులుకున్నట్టు, అంటే 22 శాతం. డబ్బుల్లో రూ.13 వేలు. నాలుగేళ్లు వాడితే నెలకు మూడొందల లోపే.

కొత్తవి కొనేటప్పుడు ఇంకో బేరం ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్ల టైర్లను చాలావరకు ‘రేంజ్ పెరుగుతుంది’ అని చెప్పి అమ్ముతారు. తేలిగ్గా దొర్లే టైర్ కరెంటు తక్కువ తాగుతుంది, నిజమే. కానీ తేలిగ్గా దొర్లడం, తడి రోడ్డును గట్టిగా పట్టుకోవడం రెండూ ఒకే రబ్బరులో కలపడం కష్టం. రెండూ బాగుండే టైర్లు ఉన్నాయి, ఖరీదెక్కువ. ఏదో ఒకటే ఎంచుకోవాలంటే తడి పట్టునే ఎంచుకోవాలి. ఒక చార్జింగ్‌తో 500 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెప్పే కారు పదో ఇరవయ్యో కిలోమీటర్లు తక్కువ పోయినా చెన్నై చేరుతుంది. యూరప్ లేబుల్ ఉన్న టైర్ దొరికితే దాని మీద వాన మబ్బు బొమ్మ పక్కన ఎ నుంచి ఇ దాకా గ్రేడు ఉంటుంది. ఎ లేదా బి తీసుకోండి. మన దేశంలో కూడా ఏఐఎస్-142 ప్రమాణం కింద తడి పట్టుకు కనీస పరీక్ష పెట్టారు. అందుకే బిల్లు లేకుండా, బ్రాండ్ పేరు సరిగా లేకుండా వచ్చే చౌక టైర్ల జోలికి పోకపోవడమే మంచిది.

తయారైన తేదీ చూడటం కూడా మర్చిపోవద్దు. ‘డాట్’ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం. రెండేళ్లకు పైగా గోడౌన్‌లో పడున్నదైతే వేరేది అడగండి. కుర్రాళ్లు లుక్కు కోసం వెడల్పు టైర్లు వేయిస్తామంటారు. టైర్ వెడల్పయ్యే కొద్దీ నీటి మీద త్వరగా తేలుతుంది కాబట్టి వానాకాలం ముందు ఆ ముచ్చట వద్దు. రెండు టైర్లకే డబ్బులుంటే కొత్తవి వెనక వేయించాలి. వెనక టైర్లు జారితే కారు గిరగిరా తిరుగుతుంది, దాన్ని ఆపడం అనుభవమున్న డ్రైవర్‌కు కూడా కష్టమే. నాలుగు చక్రాలకూ మోటార్ శక్తి అందే మోడల్ అయితే నాలుగూ ఒకేసారి మార్చడం నయం.

టైర్ షాపులో, రోడ్డు మీద

ఎలక్ట్రిక్ కారు కింద పొడవునా బ్యాటరీ పరుచుకుని ఉంటుంది. జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టి లేపితే బ్యాటరీ పెట్టెకే దెబ్బ. ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే పంక్చర్ షాపులో చూపించొచ్చు. చాలా ఎలక్ట్రిక్ కార్లకు స్టెపినీ ఉండదు. టైర్‌లో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్టెపినీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్రం రూల్ మార్చింది. కొన్ని టైర్ల లోపల చప్పుడు తగ్గడానికి స్పాంజి అతికించి ఉంటుంది. పంక్చర్ వేసేటప్పుడు ఆ చోట స్పాంజి కోసి తీయాల్సి వస్తుంది, ముందే చెప్పండి.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఎలక్ట్రిక్ కారు మోటారే బ్రేక్‌లా పనిచేస్తుంది. వెనక చక్రాలకు మాత్రమే మోటార్ ఉన్న కారులో ఆ బ్రేక్ వెనక టైర్ల మీదే పడుతుంది. జారే రోడ్డు మీద ఒక్కసారిగా కాలు తీస్తే వెనక భాగం పక్కకు జరగొచ్చు. వానలో ఆ సెట్టింగ్ తగ్గించి పెట్టుకుని, కాలు మెల్లగా తీయాలి. తొలి వాన పడ్డ మొదటి అరగంట మరీ జాగ్రత్త. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము అప్పుడే జిగటగా లేస్తాయి. రొయ్యల గుంటలున్న ఊళ్ల రోడ్ల మీద ట్రాక్టర్లు తెచ్చిన బురద దీనికి తోడవుతుంది.

ఏ టైరూ పనిచేయని చోటు కూడా ఒకటుంది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర నీళ్లు జాతీయ రహదారినీ, రైల్వే లైనునూ దెబ్బతీశాయి. నెల్లూరు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అలా రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారుతుంటే రెండు టన్నుల కారు కూడా నిలవదు. బ్యాటరీలోకి నీళ్లు పోవని కంపెనీ చెప్పిన మాట ఈ వరదకు వర్తించదు. సెడాన్ ఎత్తు తక్కువ కాబట్టి నీళ్లు చక్రం సగం దాకా ఉన్నాయనిపిస్తే వెనక్కి తిప్పేయాలి. ఎయిర్‌పోర్టు ప్రయాణమైతే ముందు రోజు పగలే బయలుదేరి చెన్నైలో బంధువుల ఇంట్లో ఆగడం నయం.

టైర్లు మార్చాలనుకునేవాళ్లు సెప్టెంబర్‌లోనే షాపుకెళ్లండి. 18, 19 అంగుళాల సైజులు జిల్లాలో అన్నిచోట్లా దొరకవు. చెన్నై నుంచో విజయవాడ నుంచో తెప్పించాలంటే కొన్ని రోజులు పడుతుంది. కొత్త టైర్లు మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు నున్నగానే ఉంటాయి కాబట్టి ఆ అరుగుడేదో పొడి రోడ్డు మీదే అయిపోవాలి.