పవర్ బ్యాంకును సూట్‌కేసులో పెట్టమన్నదెవరు?

‘విమానంలోకి పవర్ బ్యాంకు రానివ్వట్లేదట, సూట్‌కేసులో పడేసి చెక్-ఇన్ చేసేయండి.’ ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సలహా ఇది. అసలు రూలు దీనికి పూర్తిగా తలకిందులు. పవర్ బ్యాంకు హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో నిషేధం. ఇది ఏదో ఒక ఎయిర్‌లైన్ చాదస్తం కాదు, మన దేశంలోనూ బయటా ఇదే పద్ధతి.

సలహా ఇచ్చినాయన ఇంట్లో పడుకుని ఉంటాడు. పాటించినవాళ్ల పాట్లు శంషాబాద్‌లో అర్ధరాత్రి రద్దీ వేళ చూడాలి. చెక్-ఇన్ చేసిన పెట్టె ఎక్స్‌రేలోంచి వెళ్తుంది. బ్యాటరీ కనబడితే పెట్టె ఆగిపోతుంది, ప్రయాణికుడికి పిలుపొస్తుంది. అప్పటికి ఆయన సెక్యూరిటీ క్యూలో సగం దూరం వచ్చేసి ఉంటాడు. వెనక్కి వెళ్లాలి, తాళం తీయాలి (తాళంచెవి బయటే ఉండిపోయిన కొడుకు జేబులో ఉంటుంది), పచ్చళ్లు, పొడుల కింద అట్టడుగున ఉన్నదాన్ని వెతికి తీయాలి, మళ్లీ క్యూ చివరకు చేరాలి. ఈలోగా బోర్డింగ్ మొదలైపోతుంది.

‘బ్యాటరీ అంటుకునే వస్తువు కదా, మనుషులకు దూరంగా ఉంటేనే మేలు కదా’ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. లిథియం బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కి అంటుకుంటే ఆ వేడికి పక్క సెల్ అందుకుంటుంది. కింది కార్గో అరల్లో ఉండే హాలాన్ వాయువు మంటను అణచగలదేమో గానీ సెల్‌ను చల్లార్చలేదు. అదే క్యాబిన్‌లో అయితే పొగ రాగానే ఎవరో ఒకరు చూస్తారు, సిబ్బంది నీళ్లు పోసి చల్లారుస్తారు. 2010 సెప్టెంబరులో దుబాయ్‌లో కూలిన యూపీఎస్ కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకే అంటుకుంది. పైలట్లిద్దరూ చనిపోయారు. విడిగా రవాణా చేసే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ నుంచి నిషిద్ధం.

2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం నేలమీదే తగలబడింది. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని అక్కడి దర్యాప్తు తేల్చింది. తర్వాత కొరియా ఏం చేసింది? తలపై అరలో పెట్టొద్దు, చేతికి అందేలా దగ్గరే ఉంచుకోండి అంది. పెట్టెలో వేసి కిందికి పంపమనలేదు.

ఈ పుకారు ఎక్కణ్నుంచి పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2025 అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ తన విమానాల్లో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించింది. వాడకాన్ని మాత్రమే. వంద వాట్-అవర్ల లోపుది ఒకటి వెంట ఉంచుకోవచ్చు. ‘వాడొద్దు’ అన్నది నాలుగు గ్రూపులు దాటేసరికి ‘తేవద్దు’ అయి కూర్చుంది.

వాట్-అవర్ల లెక్క తేలికే. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లు, బాధ లేదు. 27,000 దాటితే వంద దాటినట్టే, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంకెలు చెరిగిపోయిన పాతదాన్ని ఇంట్లోనే వదిలేయండి.

మిగతా అపోహలకు ఇంత శ్రమ అక్కర్లేదు. డిజియాత్ర ఉంటే సెక్యూరిటీ చెక్ ఉండదా? ఉంటుంది. అది తగ్గించేది టికెట్టూ గుర్తింపుకార్డూ చూపించే తంతును మాత్రమే. హ్యాండ్ బ్యాగు ట్యాగు మీద ముద్ర వేయించుకోవాలా? హైదరాబాద్‌లో ఆ పద్ధతి 2017లోనే పోయింది. ఆవకాయ గట్టిగా కలిపితే ద్రవం కిందికి రాదా? ఆ వాదన సీఐఎస్ఎఫ్ జవాను దగ్గర పెట్టకండి, చెక్-ఇన్‌లో వేయండి.

‘విమానంలో కొబ్బరి తేవద్దు’ అన్న విషయంలో మాత్రం వాట్సాప్ పెద్దలకు సగం మార్కులు వేయక తప్పదు. ఎండుకొబ్బరి నూనె గుణం వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. అందుకే 2022లో మన విమానయాన భద్రతా బ్యూరో దాన్ని చెక్-ఇన్ లగేజీ నిషిద్ధ జాబితాలో చేర్చింది. అయ్యప్ప భక్తుల ఇరుముడిలోని కొబ్బరికాయను హ్యాండ్ లగేజీలో అనుమతించడం కూడా శబరిమల సీజన్ వరకు ఇచ్చిన ప్రత్యేక సడలింపే.

క్యూ నిజంగా కదలాలంటే చేయాల్సినవి ఇంతకంటే చిన్నవి. ట్రే ముందుకొచ్చాక జేబులు తడుముకోవద్దు. ఫోను, పర్సు, తాళాలు, చిల్లర, బెల్టు క్యూలో ఉండగానే బ్యాగులో వేసేయండి. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు, చార్జర్లు పైజిప్పులో ఉంటే తీయడానికి క్షణం పట్టదు. అమ్మానాన్నలు మొదటిసారి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తుంటే, సూట్‌కేసుకు తాళం వేసేముందు మీరే ఒకసారి తెరిచి చూడండి. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు ఉంటే తీసి వాళ్ల హ్యాండ్ బ్యాగులో పెట్టండి. తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వండి.