టూ-స్ట్రోక్ పడవ ఇంజను ఆయిలు పైపులు

టూ-స్ట్రోక్ పడవ ఇంజను ఆయిలు పైపులు అనగా పడవ వెనుక అంచుకు తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజనులో ఆయిలు ట్యాంకు నుండి పంపుకు, అక్కడి నుండి సిలిండర్లకు కందెన నూనెను చేరవేసే సన్నని గొట్టాలు. వీటిలో ఒక్కటి చిట్లినా ఇంజను శాశ్వతంగా పాడు కావచ్చును. కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాలలో ఈ గొట్టాలకు వాడకం కంటే నెలల తరబడి వాడకపోవడమే ఎక్కువ ముప్పు.

నేపథ్యం

రాయలసీమకు పడవ ఇంజనుతో పని ఏమిటని పాఠకునికి తోచవచ్చును. 1863-1870 మధ్య తవ్విన కర్నూలు-కడప కాలువ సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించినదే. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలలో, సంగమేశ్వరం పరిసరాలలో, పుట్టులతో పాటు మర పడవలు కూడా తిరుగుతాయి. అయితే ఇంజను విలువ అసలు తెలిసేది వరదలలో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరం మునిగినది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ గ్రామాలు కొట్టుకుపోయినవి. ఇటువంటి ప్రాంతంలో సహాయక పడవ ఏళ్ళ తరబడి షెడ్డులోనే ఉండి, ఒకానొక రాత్రి హఠాత్తుగా పనిచేయవలసి వస్తుంది.

ఆయిలు అందే తీరు

ఫోర్-స్ట్రోక్ ఇంజనులో ఆయిలు అడుగున నిలువ ఉండి తిరిగి తిరిగి వాడబడుతుంది. టూ-స్ట్రోక్‌లో ఆ సదుపాయం లేదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంకు గది గుండా పోతుంది గనుక, ఆయిలు కూడా దానితోనే ప్రయాణించి, బేరింగులను, పిస్టనును తడిపి, చివరకు కాలిపోతుంది. చిన్న ఇంజనులలో ఆయిలును పెట్రోలులోనే కలిపి పోస్తారు. సాధారణంగా 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు, అనగా 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఇట్టి ఇంజనుకు ఆయిలు పైపులే ఉండవు. ఆయిలుకు వేరే ట్యాంకు, పంపు ఉండే పద్ధతి 1980ల నుండి పెద్ద ఔట్‌బోర్డ్ ఇంజనులలో వ్యాపించినది. తన ఇంజను ఏ రకమో ముందుగా తెలిసికొనక పని ప్రారంభించరాదు.

రెండవ పద్ధతి సౌకర్యమైనదే గాని, అందులో ఒక మోసమున్నది. పెట్రోలు దారి వేరు, ఆయిలు దారి వేరు. పెట్రోలు పైపు తెగితే ఇంజను ఆగిపోతుంది, లోపం వెంటనే తెలుస్తుంది. ఆయిలు పైపు తెగితే ఇంజను ఏమీ ఎరుగనట్లే తిరుగుతూ, వేడెక్కి, పిస్టను సిలిండరును పట్టేసిన తరువాత గాని ఆగదు. సిలిండరుకొక పైపు ఉన్న ఇంజనులో ఒక్క పైపు ఊడినా ఆ ఒక్క సిలిండరు ఎండిపోతుంది. హెచ్చరిక బజరు ఉన్నది గదా అనుకోరాదు. ట్యాంకులో నూనె మట్టాన్ని మాత్రమే చూచే బజరుకు పంపు దాటిన తరువాతి తెగుడు తెలియదు.

చెడిపోవు కారణాలు

ఈ జిల్లాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. రేకుల షెడ్డులో వేడి ఇంకను ఎక్కువ. ప్లాస్టిక్ గొట్టానికి మెత్తదనమిచ్చే పదార్థం క్రమంగా పోయి, గొట్టం పసుపు తిరిగి బిరుసెక్కుతుంది. రబ్బరు గొట్టంపై సన్నని నెఱ్ఱెలు ఏర్పడతాయి. తొలి పగులు ఎక్కువగా క్లిప్పు దగ్గర, గొట్టం కొస సాగిన చోట కనబడుతుంది. ఎలుకల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పగులు లేకున్నను, వంచినప్పుడు గట్టిగా నిలిచే గొట్టాన్ని మార్చడమే మేలు. పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి పెరిగినందున పాత పెట్రోలు పైపులను కూడా అదే సమయంలో పరీక్షించవలెను.

మార్చు విధానం

ముందుగా బ్యాటరీ తీగ విప్పి, పైపుల అమరికను ఫొటో తీసికొనవలెను. అన్నిటినీ ఒకేసారి ఊడదీయక, ఒకటి తీసి ఒకటి బిగించవలెను. బిరుసెక్కిన గొట్టాన్ని బలంగా లాగితే పంపుకున్న ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. గొట్టం కొసను బ్లేడుతో, మూతిపై గీత పడకుండా, నిలువునా చీల్చి తీయవలెను. కొత్త గొట్టం లోపలి వ్యాసం, పొడవు పాతదానితో సరిపోవలెను. అంగడిలో దొరికే నీళ్ళ గొట్టం పనికిరాదు. నూనెకు, వేడికి తట్టుకొనేదే కావలెను. పారదర్శకమైనదైతే లోపలి గాలి బుడగలు కనబడతాయి. కొసను వేడి నీటిలో ముంచితే సులభంగా ఎక్కుతుంది. కొన్ని పైపుల మధ్య నూనెను ఒకవైపుకే వదిలే చిన్న వాల్వు ఉంటుంది. దానిని తిరగేసి బిగిస్తే నూనె పూర్తిగా ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలిని తీయడం. కొత్త గొట్టాన్ని సిరంజితో ఆయిలు నింపి బిగించడం మంచిది. ఆపై పంపుకున్న గాలి స్క్రూను వదులు చేసి, బుడగలు లేని నూనె కారేవరకు ఆగి బిగించవలెను. అయినా పైపులలో కొంత గాలి మిగులుతుంది. అందుచేత మొదటిసారి నడిపేటప్పుడు పెట్రోలులో కూడా 50:1 పాళ్ళలో ఆయిలు కలుపుతారు. అప్పుడు పొగ ఎక్కువగా వచ్చినా కంగారు పడనక్కరలేదు.

పరీక్ష

చల్లబరచే నీరు లేకుండా ఇంజనును క్షణమైనా నడపరాదు. దగ్గరలో చెరువు ఎండిపోయి ఉంటే, ప్రొపెల్లరును తీసివేసి, నీరు పీల్చుకొనే రంధ్రాలు బాగా మునిగేటట్లు డ్రమ్ములో నిలిపి నడపవచ్చును. ఆయిలు ట్యాంకుపై నూనె మట్టం వద్ద గుర్తు పెట్టి, నడిపిన తరువాత మట్టం తగ్గినదో లేదో చూడవలెను. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆయిలు ఖర్చు స్వల్పం గనుక తేడా కనబడడానికి సమయం పడుతుంది. మట్టం తగ్గినట్లు తేలేవరకు పెట్రోలులో ఆయిలు కలపడం మానరాదు.

ట్యాంకులో పోసే నూనె విషయంలో మన ప్రాంతంలో ఒక పొరపాటు సులభంగా జరుగుతుంది. పెట్రోలు బంకులో స్కూటర్ల కొరకు అమ్మే 2టి ఆయిలు గాలితో చల్లబడే ఇంజనులకు తయారైనది. నీటితో చల్లబడే పడవ ఇంజనుకు టి.సి.-డబ్ల్యు.3 అని డబ్బాపై ముద్రించిన ఆయిలు కావలెను.