పుట్టింటికి వచ్చే తిమింగల సొర

బెల్లంపల్లివంటి బొగ్గుబావుల వూళ్ళో కాలేజీ పిల్లలకు ప్రబంధాలు చెప్పుకునేవాడికి సముద్రపు చేప గొడవ ఎందుకని మీరు అడగవచ్చును. కాని యీ చేప కథలో ప్రభుత్వం డబ్బు వున్నది. అంటే మనందరి డబ్బూ వున్నదన్నమాట. అది ఎవరికి చేరుతున్నదో తెలుసుకోవలసిందే గదా!

దీని పేరు తిమింగల సొర. పేరులో తిమింగలం వున్నా యిది మొప్పలతో వూపిరి పీల్చే అచ్చమైన చేప. లోకంలోని చేపలన్నిటిలోకీ పెద్దది. 18 మీటర్ల దాకా పెరుగుతుంది. సొర అనగానే భయపడనక్కరలేదు. యింత దేహం పెట్టుకుని యిది తినేది నీటిలో తేలాడే సూక్ష్మజీవులనూ, చిన్న చిన్న చేపలనూ మాత్రమే. వీపుమీద తెల్లని చుక్కలు ముగ్గు పెట్టినట్టు వుంటాయి. ఏ రెండు సొరల చుక్కలూ ఒక్కతీరుగా వుండవు. నక్షత్రాల పటాలను పోల్చిచూసే లెక్కనే యీ చుక్కలకు వర్తింపజేసి, ఏ సొర ఏదో శాస్త్రజ్ఞులు గుర్తుపడుతున్నారు.

గుజరాత్ తీరంలో ఒకప్పుడు కాలేయంలోని నూనె కోసం, మాంసం కోసం వీటిని వందల సంఖ్యలో చంపేవారు. 2001 మే నెలలో కేంద్రప్రభుత్వం దీన్ని వన్యప్రాణి రక్షణచట్టం మొదటి జాబితాలో, పులి సరసన చేర్చింది. చట్టం వచ్చినంత మాత్రాన వల ఆగదు. 2004లో గుజరాత్ అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథా ప్రవచనకారులు మొరారి బాపు, యీ సొర పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల వంటిదని జాలరులకు చెప్పారు. పురిటికి వచ్చిన పిల్లమీద చేయి చేసుకునేవారెవరు? ఆ మాట చట్టంకంటె లోతుగా నాటుకున్నది.

అయితే మాటలతో కడుపు నిండదు. చిక్కిన సొరను విడిపించాలంటే వల కోయాలి. వల జాలరి ఆస్తి. అందుకే అక్కడి ప్రభుత్వం కోసిన వలకు పరిహారం యివ్వసాగింది. విడిచిపెట్టినందుకు ఋజువుగా ఫోటో తీయడానికి జాలరుల చేతికే కెమెరాలు వచ్చాయి. పరిహారం కోసం తీసిన ఆ ఫోటోయే పరిశోధనకు ఆధారమయింది. ఏ సొర ఎక్కడ, ఏ నెలలో కనిపించిందో దానివల్ల తెలిసింది. 2011లో ఒక సొరకు ఉపగ్రహం ద్వారా జాడ తెలిపే పరికరాన్ని కూడా తగిలించారు.

మన తీరానికీ యీ అతిథి కొత్త కాదు. 2021 డిసెంబరులో విశాఖపట్నానికి దక్షిణాన తంతడి దగ్గర సుమారు రెండు టన్నుల సొర వలలో పడి ఒడ్డుకు చేరింది. జాలరులూ అటవీశాఖవారూ కలిసి దాన్ని క్షేమంగా సముద్రంలోకి సాగనంపారు. పాడైన వలలకు పరిహారం యిస్తామని అటవీశాఖ చెప్పింది. యిక పరిశోధనకు, 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థకు విశాఖలోనే ఒక కేంద్రం వున్నది.

తెలుసుకోవలసినది యింకా ఎంతో వున్నది. 1995లో తైవాన్ దగ్గర దొరికిన ఒక ఆడసొర కడుపులో సుమారు 300 పిల్లలు వున్నాయి. దీని గర్భాన్ని గురించిన విజ్ఞానం చాలామటుకు ఆ ఒక్కదాని చలవే. యీ సొరలు ఎక్కడ పిల్లలను పెడతాయో శాస్త్రజ్ఞులకు యిప్పటికీ ఖచ్చితంగా తెలియదు. పురిటిగది ఏదో తెలియకుండా పిల్లను కాపాడడం ఎలా?

పరిశోధకుల ఓడలకూ, యంత్రాలకూ డబ్బు కావలసిందే. కాని మొదటి రూపాయి మాత్రం వల కోసుకున్న జాలరికి, ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, చేరాలి. అతడు ధైర్యంగా వల కోస్తేనే సొర బతుకుతుంది. సొర బతికితేనే శాస్త్రానికి చదువుకోవడానికి ఏమైనా మిగులుతుంది.