పెంపుడు కుక్కలలో పేగు పురుగులు – నివారణతోనే కుటుంబానికి రక్షణ

(ప్రత్యేక వ్యాసం)

పెంపుడు కుక్కలకు రేబీస్ టీకా వేయించాలన్న అవగాహన ప్రజలలో చాలవరకు పెరిగింది. ఏటా జూలై 6వ తేదీన ప్రపంచ జూనోసిస్ దినోత్సవం సందర్భంగా పశువైద్యశాలలలో నిర్వహించే ఉచిత టీకా శిబిరాలు ఇందుకు దోహదపడుతున్నాయి. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ రూపొందించిన రేబీస్ టీకాను తొలిసారిగా ఒక బాలునికి ఇచ్చారు. అయితే కుక్కల నుండి మనుషులకు సంక్రమించే వ్యాధులు రేబీస్‌తోనే ముగియవు. కుక్క పేగులలో పెరిగే పురుగులు ఆ ఇంటి పిల్లల కంటిచూపును సైతం దెబ్బతీయగలవు. టీకా వేయించినంత మాత్రాన వీటి నుండి రక్షణ లభించదు. ఇందుకు నట్టల నివారణ మందును విడిగా, క్రమం తప్పకుండా ఇప్పించవలసి ఉంటుంది.

పుట్టుకతోనే సోకే ఏలికపాములు

కుక్కలలో కనిపించే ఏలికపామును శాస్త్రీయంగా టాక్సోకారా కానిస్ అంటారు. దీని లార్వాలు తల్లి కుక్క కండరాలలో నిద్రాణంగా ఉండి, చూలు చివరి దశలో మాయ ద్వారా కడుపులోని పిల్లలకు చేరుతాయి. సాధారణ నట్టల మందులు పేగులలోని పురుగులను తొలగిస్తాయే గాని, కండరాలలో దాగిన లార్వాలను పూర్తిగా నిర్మూలించలేవు. అందువలన తల్లికి మందు తాగించినప్పటికీ పిల్లలు పురుగులతోనే జన్మించే అవకాశం ఉంది. మూడు వారాల వయసు నుండే ఆ పిల్లల మలంలో గుడ్లు వెలువడనారంభిస్తాయి. పొట్ట ఉబ్బడం, బొచ్చు కాంతి తగ్గడం, ఎదుగుదల మందగించడం దీని లక్షణాలు. పెద్ద కుక్కలలో పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

కొంకి పురుగులు పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తాయి. తల్లిపాల ద్వారా ఇవి సోకిన పిల్లలు మలంలో గుడ్లు కనిపించక మునుపే తీవ్ర రక్తహీనతతో మరణించే ప్రమాదముంది. మలద్వారం వద్ద బియ్యపు గింజల వంటి తునకలు కనిపిస్తే బద్దె పురుగులు ఉన్నట్లు గుర్తించాలి. కుక్క బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న కీటకాలను మింగడం వలన ఈ రకం బద్దె పురుగు సోకుతుంది. కనుక మందుతోపాటు కీటకాల నివారణ కూడా అవసరం.

మనుషులకు సోకే తీరు

ఏలికపాము గుడ్లు మలంతో వెలువడిన వెంటనే హాని చేయవు. మట్టిలో సుమారు రెండు నుండి నాలుగు వారాలు గడచిన పిమ్మట అవి సంక్రమణ శక్తిని పొంది, ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. మట్టిలో ఆడుకొని చేతులు కడుగుకోకుండా తినే పిల్లల కడుపులోకి ఈ గుడ్లు చేరితే, వాటి నుండి వెలువడిన లార్వాలు కాలేయం, ఊపిరితిత్తులు, కంటి వరకు ప్రయాణిస్తాయి. కంటికి చేరిన లార్వా వలన చూపు శాశ్వతంగా కోల్పోవచ్చు. కొంకి పురుగుల లార్వాలు తడి నేలపై చెప్పులు లేకుండా నడిచేవారి చర్మంలోకి చొచ్చుకొనిపోయి తీవ్రమైన దురద కలిగిస్తాయి. కుక్క మలాన్ని ఏ రోజుకారోజు తొలగించడమే ఈ రెండింటికీ సులభమైన అడ్డుకట్ట.

మాంసపు వ్యర్థాలతో ముప్పు

ఎకైనోకాకస్ అనే బద్దె పురుగు కొద్ది మిల్లీమీటర్ల పొడవే ఉన్నప్పటికీ మిక్కిలి ప్రమాదకరమైనది. దీని గుడ్లు మేత ద్వారా గొర్రెలకు చేరి, కాలేయంలోను, ఊపిరితిత్తులలోను నీటితిత్తులుగా పెరుగుతాయి. తిత్తులున్న అవయవాలను తిన్న కుక్కలో తిరిగి పురుగులు తయారవుతాయి. కుక్క మలంలోని గుడ్లు మనుషుల కడుపులోకి చేరినా ఇట్టి తిత్తులే ఏర్పడి, ఏళ్ల తరబడి పెరిగి, శస్త్రచికిత్సకు దారితీయవచ్చు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి. ఈ దృష్ట్యా గొర్రెల కాపరులు, మాంసం విక్రేతలు ప్రత్యేక శ్రద్ధ వహించాలి. తిత్తులున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను కుక్కలకు వేయకుండా కాల్చివేయాలి లేదా లోతుగా పాతిపెట్టాలి. పురపాలక ప్రాంతాలలో గుర్తింపు పొందిన వధశాలలలోనే పశువధ జరగాలని 2001 నాటి కేంద్ర నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. వీటిని పటిష్టంగా అమలుచేసి, వ్యర్థాలు వీధి కుక్కల పాలు కాకుండా చూసినట్లయితే ఈ వ్యాధిచక్రం తెగిపోతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

* కుక్కపిల్లలకు రెండు వారాల వయసులో తొలి మందు ఇప్పించి, ఎనిమిది వారాల వరకు రెండు వారాలకొకసారి, ఆపై ఆరు నెలల వరకు నెలకొకసారి ఇప్పించాలి. పాలిచ్చే తల్లికి కూడా పిల్లలతోపాటు మందు వేయించాలి.
* పెద్ద కుక్కలకు మూడు నెలలకొకసారి మందు ఇప్పించాలి.
* మందు మోతాదు కుక్క బరువును బట్టి మారుతుంది. పైరాంటెల్ ఏలికపాములు, కొంకి పురుగులపై పనిచేస్తుంది. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ అవసరం. కనుక మల పరీక్ష జరిపించి, పశువైద్యుని సలహా మేరకే మందు వాడాలి.
* పచ్చి మాంసం, పచ్చి పేగులు, కాలేయం పెట్టరాదు.
* కుక్కను తాకిన తరువాత, మట్టిలో ఆడిన తరువాత పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించాలి.

కుక్క ఆరోగ్యంగా కనిపిస్తున్నదని మందును వాయిదా వేయడం తగదు. నిర్ణీత గడువుకు వేసే నట్టల మందు ఆ మూగజీవితోపాటు ఇంటిల్లిపాదికీ రక్షణ కల్పిస్తుంది.