విశ్వాసుల కాపరి పరిచర్య: డోర్నకల్ నేర్పిన పాఠము

అపొస్తలుల కార్యముల గ్రంథమున ఆరవ అధ్యాయములో ఒక తగవు వృత్తాంతము గలదు. యెరూషలేము సంఘములో దినదినము జరుగు ఆహారపు పంపకమునందు గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు సరిగా అందుటలేదను సణుగు బయలుదేరగా, అపొస్తలులు ఆ భారమును తామే నెత్తికెత్తుకొనక, సంఘముచేతనే ఏడుగురిని ఎన్నుకొనజేసి, ప్రార్థనతో చేతులుంచి ఆ కార్యమును వారికప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. దుఃఖించువారి భాషను, వారి యింటి మర్యాదను ఎరిగినవారికే ఆదరణకార్యము ఒప్పగింపబడెనన్నమాట. పరదేశములందు నివసించు తెలుగు క్రైస్తవులకు ఇంతకంటె సమీపమైన వృత్తాంతము వేదములో మరియొకటి లేదని నా విశ్వాసము.

అభిషేకము పొందిన గురువొక్కడే కాపరి యను తలంపు మన తెలుగు సంఘములకు మొదటినుండి యున్నది కాదు. ఒంగోలు ప్రాంతమున 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోలు వర్తకము చేసికొను మాదిగ. ఆయనయు, భార్య నాగమ్మయు పల్లెపల్లెకు నడిచి, తమవారి గుడిసెలలో కూర్చుండి మాటలాడినందుననే అచ్చటి సంఘము వేరూనినది. 1876లో ఆరంభమైన దారుణ క్షామమున అమెరికను బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న జనులకు పని కల్పించినప్పుడు, తెలుగు బోధకులే మేస్త్రీలై నిలిచి, కూలీలు పలుగు పార దించి విశ్రమించు వేళ వారి ప్రక్కన కూర్చుండి కష్టసుఖములు విచారించుచుండిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న వార్త లోకమునకంతకు తెలిసినదే గాని, దానికి ముందు కాలువగట్టుపై జరిగిన ఆ పరామర్శను జ్ఞాపకముంచుకొనువారు అరుదు.

అయితే ఈ పరిచర్యను శిక్షణతో కూడిన వ్యవస్థగా తీర్చిన వానిలో, నా దృష్టికి, డోర్నకల్ మండలము అగ్రగణ్యము. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి జిల్లాలో 1874లో జన్మించిన తమిళులు. 1909లో నిజాం రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున భారతీయుడొకడు బిషప్పగుట అదియే ప్రథమము. మండలమున విశ్వాసులు వేలకొలదిగా పెరుగుచుండగా, అభిషిక్తులైన గురువులు కొద్దిమందియే యుండిరి. ఒక్కొక్క గురువు చూచుకొనవలసిన పల్లెలు అనేకములు. అందువలన ఆయన పల్లె ఉపదేశులను, అనగా జనులు ఆప్యాయముగా పంతులుగారని పిలిచిన వారిని, తయారుచేయుటకు పూనుకొనిరి. పురుషునికి మాత్రమే చదువు చెప్పి పంపినచో సగము పల్లెకు ద్వారము మూసియుండునని గ్రహించి, భార్యలకును శిక్షణ యిప్పించిరి; వేదపాఠముతోపాటు సాగును, చేతిపనులను నేర్పించిరి. బాప్తిస్మము పొందిన ప్రతి విశ్వాసియు తన చేతిని తన తలపై నుంచుకొని, సువార్త చెప్పకున్న తనకు శ్రమయని పలుకవలెనని ఆయన నియమించిన సంగతి ప్రసిద్ధము. పరిచర్య యెవరిదను ప్రశ్నకు ఆ చేయియే ప్రత్యుత్తరము.

ఆ పంతులుగారు చేసిన పని యెట్టిది? సాయంకాలము ప్రార్థనగంట కొట్టుట, రాత్రిబడిలో అక్షరములు దిద్దించుట, దూరదేశమునుండి వచ్చిన జాబు చదివిపెట్టుట, జ్వరపడినవాని మంచము ప్రక్కన కూర్చుండుట, చావు సంభవించినయింట తెల్లవారువరకు మేలుకొనియుండుట. స్త్రీల దుఃఖములు చెవిని బెట్టుటకు ఆయన భార్యయు, కొన్ని సంఘములలో బైబిలు స్త్రీయు ఉండిరి. వేతనము స్వల్పము, పాండిత్యము పరిమితము. ఐనను పల్లెలో ఎవరియింట పొయ్యి రాజలేదో ఎరిగినవారు వారే.

నేడు అమెరికాలోని తెలుగు సంఘములను పరికింపుడు. పెక్కుచోట్ల కాపరిగారు వారమంతయు ఉద్యోగము చేసి ఆదివారము ప్రసంగించువారు. విశ్వాసులు గంటసేపు కారు నడిపి వచ్చువారు. ఉద్యోగము పోయిన హెచ్-1బి కుటుంబమునకు సాధారణముగా గరిష్ఠమున 60 దినములే గడువు. ఆ దినములలో ఆ యింటి రాత్రులు ఎట్లు గడచుచున్నవో అడుగువారెవరు? మనుమని పెంపకమునకై వచ్చి, మంచుకాలమున నాలుగు గోడలమధ్య మాటలాడువారు లేక కృశించు అమ్మమ్మగారి యొద్దకు పోవువారెవరు? గర్భము పోయిన తల్లికి, మొదటి వారము వచ్చిన కూరగిన్నెలు ఆగిపోయినపిమ్మట, నాలుగవ నెలలో తలుపు తట్టువారెవరు? ఒక్క కాపరివలన ఇది సాధ్యము కాదు. కావలెనని కోరుటయు ఆయనపట్ల అన్యాయము.

అమెరికా సంఘములలో ఇందుకొక మార్గము చిరకాలముగా ఉన్నది. కెన్నెత్ హాక్ అను పాస్టరు, మనస్తత్త్వవేత్త, 1975లో సెయింట్ లూయిస్ నగరమున ఆరంభించిన స్టీఫెన్ మినిస్ట్రీ, ఆ ఏడుగురిలో మొదటివాడైన స్తెఫను పేరు ధరించినది. సామాన్య విశ్వాసులకు సుమారు 50 గంటల శిక్షణ యిచ్చి, ఒక్కొక్కరికి దుఃఖములోనున్న ఒక్కరిని అప్పగించి, వారమునకొకసారి కలిసికొనుమందురు. శిక్షితులు తమలో తాము క్రమముగా కూడుకొని, పేర్లు బయటపెట్టకయే, తమ సేవను పరిశీలించుకొందురు. పద్ధతి మంచిది. కాని మన యిండ్ల మర్యాదలకు, మన మాటతీరుకు తగినట్లు దానిని మలచుకొనవలెను.

శిక్షణలో మొట్టమొదట నేర్పవలసినది వినుట. ముగ్గురిని కూర్చుండబెట్టి, ఒకరిని తండ్రి పోయినను వీసా చిక్కువలన ఊరికి పోలేకపోయిన కుమారునిగాను, ఒకరిని పరామర్శకు వచ్చినవారిగాను, మూడవవారిని గమనించువారిగాను ఉంచి అభ్యాసము చేయింపవలెను. వచ్చినాయన లోపల అడుగుపెట్టుచునే “దేవుని చిత్తం బ్రదర్, ధైర్యంగా ఉండండి” అనినచో సంభాషణ అంతటితో ముగియును. “నాన్నగారు ఎలా ఉండేవారు బ్రదర్? చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?” అని అడిగి ఊరకున్నచో, ఆ కుమారుడు తండ్రి సైకిలును గూర్చియు, ఫోనులో తాను తొందరపడి ముగించిన చివరి మాటను గూర్చియు చెప్పి కన్నీరు విడుచును. ప్రార్థన అటుపిమ్మట చేయవలసినది. అప్పుడది ఆ మనిషి కొరకైన ప్రార్థన యగును.

రెండవది గోప్యము. ప్రార్థనాంశమను పేరుతో ఒక యింటి రహస్యము వాట్సాప్ గుంపులో పడుట మన సంఘములకు పట్టిన పెద్దరోగము. దీనివలననే అనేకులు నోరు విప్పుటకు వెరచుచున్నారు. అనుమతి లేనిదే కాపరిగారికైనను చెప్పరాదు. అయితే ప్రాణాపాయముగాని, బిడ్డలపై హింసగాని కనిపించినప్పుడు మౌనము పాపమని, ఈ మినహాయింపును మొదటిదినముననే స్పష్టముగా చెప్పవలెనని శిక్షణలో నొక్కి బోధింపవలెను. ఆత్మహత్యా తలంపులు గలవారి కొరకు 2022 జూలైనుండి అమెరికాయందంతటను 988 అను సంఖ్య పనిచేయుచున్నది. అది ప్రతి శిక్షితుని నాలుకపై నుండవలెను. భర్తచేత దెబ్బలు తిను సోదరితో “సర్దుకుపో అమ్మా” అనుట ఆదరణ కాదు, ఆమెను మరల ఆ దెబ్బలకే అప్పగించుట. అట్టివారిని రక్షించు సంస్థలయొద్దకు, కుంగుబాటు గలవారిని వైద్యులయొద్దకు వెంటబెట్టుకొని పోవుట విశ్వాసలోపమని ఎవరును భావింపరాదు.

ఈ సంచిక చదువు సంఘపెద్దలకు నా విన్నపమిది. రానున్న సంవత్సరపు లెక్కలలో ఉజ్జీవ కూటములకు, క్రిస్మసు విందుకు కేటాయించు ధనములో కొంతభాగము ఈ శిక్షణకు ప్రత్యేకింపుడు. మీ సంఘమునుండి, మాటలాడుటకంటె వినుటయందు ఓర్పుగల నలుగురు స్త్రీలను, నలుగురు పురుషులను ఎన్నుకొనుడు. ఒక అనుభవశాలియైన ఆసుపత్రి చాప్లెన్‌ను, వీలైనచో తెలుగు వచ్చిన మానసిక వైద్యునొకరిని పిలిచి, శనివారములలో వారికి నేర్పింపుడు. శిక్షణ ముగిసినపిమ్మట సంఘమంతటి యెదుట వారిపై చేతులుంచి ప్రార్థించి పంపుడు.