బిడ్డతో బంతియాటకు



అయిదేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని రైలెక్కి ఫుట్‌బాలు ఆట చూడబోవుట సంసారస్త్రీలకు తగిన పనియేనా యని మీలో కొందరు శంకింపవచ్చును. మేమును మొదట శంకించినవారమే. పోయి వచ్చిన పిమ్మట మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని మీతో చెప్పుకొనగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది ఎమ్మిగనూరు. మా యింటివారు బడిపంతులు. మాకొక్కతే కూతురు. సంక్రాంతికి ముందు పిల్లలకు పరుగుపందెము పెట్టగా మా బిడ్డ నడుమ కాలు జారి పడినది. చుట్టునున్న పిల్లలు గొల్లున నవ్విరి. నాటినుండి అది నలుగురిలో పరుగెత్తుట మానినది. పెరటిలో గుడ్డబంతిని గోడకు తన్నుచు ఒంటరిగా ఆడుకొనును. ఎవరేని వచ్చినచో బంతిని వెనుకకు దాచుకొనును. చిన్న సంగతియే గదా యని ఊరకుండుటకు మాకు మనసొప్పలేదు. పసితనమున ముడుచుకొన్న మనసు పెద్దయైన పిమ్మట విప్పారుట కష్టము.

అంతలో అనంతపురమునందు బాలికల జట్లు రెండు ఫుట్‌బాలు ఆడనున్నవని మా యింటివారు విని వచ్చిరి. ఆ ప్రాంతమున పల్లెపిల్లలు సైతము ఆటలు నేర్చుటకు ఒక కారణమున్నది. ఫాదర్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ అచ్చట క్రీడాగ్రామమును నిర్మించి ఆడపిల్లలకును ఆటలలో శిక్షణ మిప్పించినది.

“ఆడపిల్లకు బంతియాట యేల?” యని మా అత్తగారు అడ్డు చెప్పిరి. దండి రచించిన దశకుమారచరితమును మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదువుకొన్నవారము. దానిని తెనిగించి కేతన తిక్కనకు అంకితమిచ్చెను. అందు కందుకావతి యను రాజకుమార్తె వింధ్యవాసినీదేవి ప్రీతికై జనులందరు చూచుచుండగా బంతియాడిన కథను అత్తగారికి వినిపించితిమి. ఆమె సాంతము విని, “ఆ పిల్ల చేతితో ఆడినది గాని కాలితో తన్నలేదు గదమ్మా!” అనిరి. దీనికి మాయొద్ద సమాధానము లేకపోయెను. అయినను మరునాటి వేకువను డబ్బాలో బొరుగులు పోసి, పెరుగన్నము మూటగట్టి యిచ్చినది ఆమెయే.

ఎమ్మిగనూరునకు రైలు లేదు. సుమారు 30 కిలోమీటర్లు బస్సులో పోయి ఆదోనిలో రైలెక్కవలెను. అయిదేండ్లు నిండని బిడ్డకు రైలులో టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నిండి పండ్రెండు నిండనివారికి, వేరుగా బెర్తు కోరనియెడల, సగము ధర. “చిన్నదిగానే యున్నది, నాలుగేండ్లని చెప్పరాదా?” యని వరుసలోని యొకామె మాకు బోధించినది. బిడ్డ యెదుట అబద్ధమాడి తరువాత దానికి నీతులు చెప్పుట యెట్లు? సగము టిక్కెట్టు కొంటిమి. దానిని తన చేతికే యిచ్చినప్పుడు బిడ్డ మురిసిన మురిపెమునకు ఆ డబ్బు చాల తక్కువ.

ఇట్టి ప్రయాణమునకు మేము చేసికొన్న యేర్పాట్లు కొన్ని చెప్పెదము. మా ఫోను నంబరును చీటిమీద వ్రాసి గౌనులోపల పిన్నీసుతో గ్రుచ్చితిమి. బిడ్డ పేరు మాత్రము పైకి కానవచ్చునట్లు వ్రాయరాదు. పేరు పెట్టి పిలిచిన క్రొత్తవారిని పిల్లలు సులభముగా నమ్ముదురు. తప్పిపోయినచో కదలక అచ్చటనే నిలిచి, పోలీసునుగాని పిల్లలతో నున్న తల్లినిగాని అడుగుమని నేర్పితిమి. రైలులో సహాయమునకు 139, ఆపదలోనున్న పిల్లలకొరకు 1098 అను నంబర్లను తల్లులు గుర్తుంచుకొనవలెను. కదలు బండిలో చిన్న బిడ్డలకు వేరుసెనగ గింజలు పెట్టరాదు, గొంతున అడ్డుపడును. మాయూరి నేతదుప్పటి యొకటి తప్పక తీసికొంటిమి. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేతకారుల సహకార సంఘము వలన పేరుపొందిన నేత అది. పరచుకొనుటకును కప్పుకొనుటకును పనికివచ్చును.

ఆదోని మీదుగా పోవు ఆ రైలుదారి బొంబాయి మదరాసులను కలుపునది. 1871లో ఇరుదెసలనుండి వచ్చిన పట్టాలు రాయచూరువద్ద కలిసినవి. ఆస్పరి, నంచెర్ల దాటి గుంతకల్లు చేరువరకు బిడ్డ కిటికీని విడువలేదు. ఆ పిమ్మట విసుగు పుట్టగా మా యింటివారు కథ నారంభించిరి.

“మావలెనే బడిపంతులుగా నుండిన వాడొకడు హైదరాబాదులో నుండెను. అతని పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అతడు భారతజట్టునకు ఆట నేర్పెను. 1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో మనవారు బంగారు పతకము గెలిచిరి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులలో నాలుగవ స్థానము పొందిరి. 1962లో జకార్తాయందు మొదటి యాటలోనే దక్షిణ కొరియాచేతిలో రెండు గోలులతో ఓడిరి.”

“ఏడ్చిరా నాయనా?” యని బిడ్డ అడిగినది.

“ఏడ్చిరో లేదో గాని, మరల ఆడిరి. తుదిపోటీలో ఆ కొరియావారినే రెండు గోలులకు ఒకటిగా గెలిచిరి. రహీం పంతులు అప్పటికే జబ్బుపడియుండెను. మరుసటి యేడు మరణించెను.”

అనంతపురము చేరి మైదానమున చెట్టునీడను దుప్పటి పరచుకొంటిమి. జట్టునకు పదునొకండుగురు, నలుబదియైదేసి నిమిషముల రెండు భాగములు, గోలుకీపరు తప్ప ఎవరును బంతిని చేత పట్టరాదు. ఇంతకుమించి బిడ్డకు చెప్పలేదు. నియమము ప్రకారము గోలు ఎనిమిది గజముల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉండును. అంత వాకిటిని ఒక్క పిల్ల కాచుటను చూచి మా బిడ్డ ఆమెమీదనే కన్ను నిలిపినది.

రెండవ భాగమున బంతి మెల్లగా దొర్లుచు వచ్చినది. ఆ పిల్ల వంగి పట్టబోయి కాలు జారి పడినది. బంతి ఆమె ప్రక్కనుండి పోయి వలలో పడెను. చుట్టునున్నవారందరు నవ్విరి. సోదరీమణులారా, దాచనేల? మేమును నవ్వితిమి.

బిడ్డ మా కొంగు పట్టి లాగినది. “అమ్మా! ఆ యక్క పడిపోయినది గదా, నీవెందుకు నవ్వితివి?”

మాకు నోట మాట రాలేదు. ఏ నవ్వువలన బిడ్డ ముడుచుకొనెనో, ఆ నవ్వును మరపింపవలెనని పొద్దున బయలుదేరి యింతదూరము వచ్చినవారము. ఆ నవ్వే మా నోటినుండి వెలువడినది. “తప్పు చేసితినమ్మా” యని మాత్రమంటిమి. తల్లి తప్పొప్పుకొనుట బిడ్డకు క్రొత్త. కొంతసేపు మా ముఖమువంక చూచి, మరల ఆటవైపు తిరిగినది.

అప్పటికి ఆ గోలుకీపరు లేచి, మోకాలి మట్టి దులుపుకొని, బంతిని తోడివారికి విసరి, తన చోట నిలిచినది. ఆ పిమ్మట మరియొక బంతిని దూకి ఆపినది. అయినను ఆమె జట్టు ఓడెను. ఆట ముగిసిన తరువాత ఆమె కుళాయివద్ద ముఖము కడుగుకొనుచు తోడివారితో నవ్వుచుండగా మా బిడ్డ దూరమునుండి చాలసేపు చూచినది. దగ్గరకు పొమ్మన్నను పోలేదు. మేము బలవంతపెట్టలేదు.

తిరుగుబండిలో బిడ్డ మా యొడిలో నిద్రించినది. ఇల్లు చేరునప్పటికి రాత్రి చాల ప్రొద్దుపోయెను. అత్తగారు మేలుకొనియే యుండి, “ఎవరు గెలిచిరే?” యని అడిగిరి. “తెలియదవ్వా, మా యక్క ఓడినది” అని బిడ్డ చెప్పినది.

మరునాడు సాయంకాలము అది పెరటిలోగాక వీధిలో ఇరుగుపొరుగు పిల్లలతో బంతియాడినది. ఒకమారు పడినది కూడ. పిల్లలు నవ్విరి. మేము గడపలో నుండి చూచితిమి. నవ్వలేదు, లేవనెత్తుటకు పరుగెత్తనులేదు. కండ్ల నీరు నిలుపుకొని తానే లేచినది. ఒక్క ఆటతో పిరికితనమంతయు పోయినదని మేము చెప్పము. కాని ఆనాడు లేచినది.

కావున సోదరీమణులారా, వీలున్నప్పుడు మీ బిడ్డలను, అందును ఆడుబిడ్డలను, ఆటకు తీసికొనిపొండు. టిక్కెట్టును, మంచినీటిని, చీటిని మరువకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మైదానమున పడినవారిని చూచి మనమేమి చేయుదుమో బిడ్డ చూచుచుండునని మరువకుడు.

మా అత్తగారి మాట యొకటి చెప్పి ముగింతుము. ఆమె ఇప్పుడు బంతియాటను తప్పు పట్టుట లేదు. “కాలితో తన్నినను సరే, నా తులసికోటకు మాత్రము తగులనీయకుము” అని చెప్పి, వాకిట నిలువబడి చూచుచుందురు.